లక్కతో అతికిన కొస

"నా రాయిని ఎవరు ముట్టుకున్నారు?"

సుందరరావు కేకకు మంగమ్మ చేతిలో ఉలి జారి పడింది. మేనత్త కొడుకు గొంతెత్తడం ఇదే మొదలు. యుద్ధం అయ్యాక మద్రాసు కాలేజీలో రాళ్లు పోగుచేసే ఉద్యోగంలో చేరాడు. పెళ్లికి మంగమ్మను చూసి రమ్మని తల్లి వీళ్ల ఊరు దుర్గికి పంపితే, మూడు రోజులుగా తల ఎత్తకుండా రాళ్లనే చూస్తున్నాడు.

"నేనే బావా. పనిబల్ల మీద పెట్టావుగా!"

మంగమ్మ తండ్రి, శిల్పి పిచ్చియ్య ఇంట్లో అదే ఆచారం. పనిబల్ల మీద విరిగినదేది కనిపించినా, అడగకుండా అతికి ఇవ్వాలి.

"అది అమ్మొనైట్ మంగా! కోట్ల ఏళ్ల కిందట సముద్రంలో బతికిన జీవి పెంకు. నత్తలా చుట్టుకోకుండా కర్రలా పెరిగింది. అరియలూరు ఎండలో నెల తిరిగితే ఇదొక్కటే దొరికింది. ఇది చెడితే నా ఉద్యోగం పోయినట్టే!"

మంగమ్మ నిర్ఘాంతపోయింది. పెంకు మీది ఆకు అంచుల్లాంటి గీతలు చూసి, ఎవరో గొప్ప శిల్పి పనితనమనుకుంది. రెండు రోజులు కూర్చుని, విరిగిన కొసకు జత చెక్కి అతికించింది.

"అయితే ఈ ఆకులు ఎవరూ చెక్కలేదా?"

"ఎవరూ చెక్కలేదు!"

"అల్లుడా, గుండె పట్టుకోమాక" అన్నాడు పిచ్చియ్య. "మా పిల్ల అసలు రాయికి ఉలి తగలనీయదు. అది లక్క. అమ్మాయ్, కుంపటి తే."

మంగమ్మ తను చెక్కిన కొసను మాత్రమే వేడిచేసింది. లక్క కరిగింది. కొస ఊడి వచ్చింది, పెంకు మాత్రం చెక్కు చెదరలేదు.

సుందరరావు ఊపిరి పీల్చుకుని, ఆమె చెక్కిన కొసను భూతద్దం కింద పెట్టాడు. అటూ ఇటూ తిప్పి చూశాడు.

"కొసకు పోయేకొద్దీ గీతలు చిన్నవవుతాయని నీకెవరు చెప్పారు?"

"ఆ రాయే చెప్పింది. ఒక్కో ఆకు ముందుదానికంటే కాస్త చిన్నది. చూడలేదా?"

"నాకది కనపడటానికి ఏడాది పట్టింది!"

అతను మొదటిసారి తలెత్తి ఆమెను చూశాడు. తర్వాత తన కుడిచెయ్యి చాపి పనిబల్ల మీద పెట్టాడు.

పిచ్చియ్య అదిరిపడ్డాడు. "ఏంది అల్లుడా, చెయ్యి విరిగిందా?"

"లేదు మామా. అడగకుండా అతికిస్తారంటగా!"

పిచ్చియ్య అర్థంకాక కూతురి వంక చూశాడు. రాళ్ల సంగతి తప్ప ఎన్నడూ నాలుగు మాటలు కూడా పలకని మంగమ్మే నోరు విప్పింది.

"దీనికి లక్క చాలదు నాన్నా, పసుపుతాడు కావాల."

ఆ మాట అన్నది తనేనని తెలిసి, అందరికంటే ఎక్కువగా ఉలిక్కిపడింది ఆమే.