రెండో విస్తరి

నెక్కొండ దాటాక, రైలు పట్టాలకు అవతల, కొమురెల్లి మిర్చి చేను పక్కన మహిపాల్ కెమెరా స్టాండు నిలబెడుతున్నాడు. నేల మెత్తగా ఉంది. దిగబడుతున్న కాలి కింద పెంకు ముక్క పెట్టి, స్టాండు తలమీద మట్టం చూపే గాజుబిళ్లలో బుడగ మధ్యకు వచ్చేదాకా మరలు తిప్పుతూనే ఉన్నాడు.

సుభాషిణి గట్టు మీద నిలబడి చూస్తోంది. హన్మకొండలో చాలా ఏళ్లు దినపత్రికకు వార్తలు రాసిన మనిషి. ఇప్పుడు ఒక వెబ్ ఛానల్‌కు వీడియోలు చేస్తోంది. కళ్లతో చూడనిది రాయదని ఆమెకు పేరు. బావుల దగ్గర కరెంటు షాకుతో పోతున్న రైతుల మీద వీడియో తీయడానికి వచ్చింది. కొమురెల్లి అలాగే పోయాడు, మోటారు స్టార్టర్ డబ్బా మీద చెయ్యి పెట్టి.

అతను పోయి ఆ రోజుకు మూడో రోజు. పిట్టకు పెట్టే రోజు. పోయినవాడికి ఇష్టమైనవి వండి, విస్తరిలో వడ్డించి, అందరూ దూరం జరిగి ఎదురుచూస్తారు. కాకి ముట్టిందంటే అతను తృప్తిగా తిని వెళ్లిపోయినట్టే. ఇక వెనక్కి తిరిగి చూడకుండా ఇంటికి పోవాలి.

కొమురెల్లి తల్లి మొగిలమ్మకు ఒకటే దిగులు.

"నీళ్లు పారిచ్చొచ్చి తింట అవ్వా అన్నడు బిడ్డా. సద్దిగిన్నె అట్లనే ఉన్నది. ఆకలితోని పోయిండు. గిప్పుడన్న తింటడో లేదో."

ఆమె కళ్లకు పొర కమ్మింది. విస్తరి ఎక్కడుందో కోడలు అనసూయ చెయ్యి పట్టి చూపిస్తే తప్ప తెలియలేదు. అన్నం, కోడికూర, ఉడికించిన గుడ్డు, పక్కన సీసాలో కల్లు. మహిపాల్ చిన్న మైకుకు స్పాంజి టోపీ తొడిగి విస్తరి పక్కన రాయి చాటున పెట్టాడు. అనసూయ చేతికి తెల్ల కాగితం ఇచ్చి అక్కడ పట్టుకొమ్మన్నాడు.

"రంగు సరి జూస్కోవాలె చెల్లె. తెలుపు తెలుపు లెక్కనే కనవడాలె గద."

"మా బతుకే నల్లగైంది. నీ కాయిదం తెల్లగుంటే ఏంది, ఎర్రగుంటే ఏంది కొడుకా," అంది మొగిలమ్మ చెల్లెలు సమ్మమ్మ. మహిపాల్ నవ్వబోయి, ఎవరూ నవ్వకపోవడం చూసి తల వంచుకున్నాడు.

అందరూ చింతచెట్టు దాకా వెనక్కి జరిగారు. కెమెరా తెరలో అన్నం మరీ తెల్లగా, మెతుకు మెతుకు విడిపడకుండా ముద్దలా కనిపిస్తోంది. మహిపాల్ వంగి వెలుతురు తగ్గిస్తున్నాడు. అంతలోనే రెక్కల చప్పుడు. ఒక కాకి నేరుగా విస్తరి మీద వాలింది. గుడ్డును పొడిచింది. కూరముక్క నోట కరుచుకుని చేను మీదుగా ఎగిరిపోయింది.

"ముట్టిందత్తా!" అంది అనసూయ.

"తిన్నడా... నా కొడుకు తిన్నడా!" మొగిలమ్మ రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది. ఏడుస్తూనే ఆమె ముఖం తేటపడింది.

మహిపాల్ సుభాషిణి చెవి దగ్గరికి వచ్చాడు. "మేడం... రికార్డు నొక్కలే. ఎలుతురు సరిజేస్తాన. గింత జల్ది వస్తదనుకోలే."

సుభాషిణి వాళ్లు తెచ్చిన అన్నం గిన్నె వైపు చూసింది. అందులో ఇంకా అన్నం ఉంది.

"అవ్వా, ఇంకొక్కసారి పెడతవా? వీడియోల రాలే."

సమ్మమ్మ అడ్డం వచ్చింది. "ముట్టినంక మళ్ల పెట్టరమ్మా. పోయెటోన్ని ఎన్కకు పిలిచినట్టయితది."

"ఇది చూస్తేనే నలుగురూ కదులుతరు. ఇంకో ఇంట్ల ఇట్ల కావద్దని గదా. ఒక్కసారే."

మొగిలమ్మ ఆమె మాట వచ్చిన వైపు ముఖం తిప్పింది. "సదువుకున్న బిడ్డ. మంచికే చెప్తది. పెట్టు అనసూయా."

అనసూయ కొత్త విస్తరి పరిచింది. వడ్డిస్తుంటే అన్నం కొంచెం నేల మీద పడింది. ఈసారి మహిపాల్ ముందే రికార్డు నొక్కాడు. తెర మూలన ఎర్రచుక్క వెలిగింది.

కాకులు చేను పక్కనున్న తుమ్మచెట్టు మీదే ఉన్నాయి. ఒక్కటీ దిగలేదు. ఒక్కటీ అరవలేదు. అన్నీ విస్తరికి తోక తిప్పుకుని కూర్చున్నాయి. పొద్దు వాలుతోంది. మిర్చి ఘాటులోంచి మరో వాసన సన్నగా వచ్చింది. కాలిన వైరు వాసన.

సుభాషిణి హెడ్‌ఫోన్ పెట్టుకుంది. గాలి. దూరంగా గూడ్సు బండి. తర్వాత మైకుకు బాగా దగ్గరగా... ఊపిరి.

ఆకు కదిలింది. గాలి లేదు.

నమలుతున్న చప్పుడు. తొందర తొందరగా... ఆకలిగొన్న మనిషి నమిలినట్టు.

తెరలో అన్నం కుప్ప ఒక పక్క తగ్గింది. చెదరలేదు. పిట్ట పొడిస్తే చెదరాలి. వేళ్లు పెట్టి ముద్ద తీసినట్టు గుంట పడింది. దాని పక్కన ఇంకో గుంట. ఆమె తెర మీంచి కళ్లెత్తి నేరుగా చూసింది. విస్తరి దగ్గర ఎవరూ లేరు. గుంటలు మాత్రం ఉన్నాయి.

"మేడం..." మహిపాల్ కెమెరా వైపు చెయ్యి చాపాడు. "బంద్ చేస్త... బంద్ చేస్త మేడం."

చింతచెట్టు కింద నుంచి మొగిలమ్మ అడిగింది. "ముట్టిందా బిడ్డా?"

అనసూయ, సమ్మమ్మ సుభాషిణి వైపే చూస్తున్నారు. అంత దూరం నుంచి వాళ్లకు గుంటలు కనిపించవు. నిజం చెబితే తను ఏం చేసిందో చెప్పినట్టే.

"ముట్టింది అవ్వా."

ఆ మాట తన గొంతులోంచే వచ్చింది. వాళ్లు నమ్మారు. వెనక్కి చూడకుండా గట్టు వెంట వరసగా వెళ్లిపోయారు. హెడ్‌ఫోన్‌లో నమలడం ఇంకా ఆగలేదు.

కారులో మహిపాల్ మైకు టోపీ తీసి చూశాడు. తడిగా ఉంది. లోపల, స్పాంజికీ మైకుకూ మధ్య, ఒక అన్నం మెతుకు.  అద్దం దించి టోపీని మైకుతో సహా బయటికి విసిరేశాడు. వీడియో ఉన్న మెమరీ కార్డు పాడైందని సుభాషిణి ఆఫీసుకు చెప్పింది. అది రెండో అబద్ధం.

తర్వాతి వారం, మధ్యాహ్నం సుభాషిణి ఇంట్లో ఒక్కతే పళ్లెంలో అన్నం పెట్టుకుని కూర్చుందో లేదో, అనసూయ ఫోను చేసింది.

"అక్కా, మా అత్త రోజూ విస్తరి పెడుతాంది. ఆమె తింటలేదు. ఆమె వంతు అన్నం గుడ చేనుకాడికి తీసుకపోయి పెడుతాంది. తెల్లారి చూస్తే ఆకు నాకినట్టుంటాంది. మేం జెప్తే ఇంటలేదు. నువ్వు పెట్టమన్నవు గద... నువ్వే బందు పెట్టమని చెప్పు."

ఫోను చేతులు మారింది. మొగిలమ్మ గొంతు పీలగా ఉంది.

"ఆకలి తీరుతలేదు బిడ్డా వానికి. ఎంత పెట్టినా ఒక్కటే మాట. ఇంకొక్కసారి... ఇంకొక్కసారి. అచ్చం నువ్వన్నట్టే అంటాండు."

సుభాషిణి కళ్లు మూసుకుంది.  ఈసారైనా చూసింది చెప్పాలి.

"అవ్వా... ఆ రోజు రెండోసారి కాకి ముట్టలే. నేను అబద్ధం చెప్పిన. ఇక పెట్టకు. నువ్వు తిను. తప్పు నాది."

 అవతల ఎండిన ఆకు మీద చెయ్యి రాసినట్టు చిన్న చప్పుడు వినిపించింది.

"తెల్సు బిడ్డా," అంది మొగిలమ్మ మెల్లగా. "వాడే జెప్పిండు. నా గురించి ఇగ ఫికరు జెయ్యకు. ఇయ్యాల్టి సంది నన్ను తినమన్నడు." ఆమె గొంతు ఇంకా దగ్గరగా వచ్చింది. "నువ్వు తిన్నవా అని అడుగుతాండు."

ఫోను తెగిపోయింది.

సుభాషిణి కళ్లు తెరిచింది. కిటికీలోంచి ఎండ బల్ల నిండా పడుతోంది. అన్నం వడ్డించుకున్నాక ఆమె ఇంకా చెయ్యి పెట్టలేదు. వేళ్లు పొడిగానే ఉన్నాయి.

పళ్లెంలో అన్నం కుప్పకు, ఎదుటి కుర్చీ వైపు, ఒక గుంట ఉంది. గదిలో సన్నగా కాలిన వైరు వాసన.