కదిలే బండికే నిమ్మకాయ

సుంకప్పను తాడిపత్రిలో చంపారు. పాలిషింగ్ ఫ్యాక్టరీలో బండ జారి మీద పడిందన్నారు. బండలు జారడం ఆ ఊళ్లో కొత్త కాదు. కాని బండ ఎత్తి చూస్తే మెడలో తూటా ఉంది.

మరుసటి ఉదయం అనంతపురంలో, మూతబడిన విత్తనాల గోడౌన్‌లో, చీఫ్ వెంకటేశులు తన ఏజెంట్ తౌఫిక్‌ను కూర్చోబెట్టాడు.

"సుంకప్ప నీకు గురువు గదప్పా?"

"లారీ నడపడం గూడా ఆయనే నేర్పినాడు సార్."

"అయితే విను. రాడార్ చిప్ ఒకటి పోయింది. కోడ్ నేమ్ చెనిక్కాయ. అది దేశం దాటితే సరిహద్దులో మన రాడార్లన్నీ గుడ్డివైపోతాయి. ఆ చిప్ యాడుండాదో సుంకప్ప కనుక్కొని మనకు చెప్పినాడు. అందుకే చంపినారు."

చీఫ్ ఒక ఫోటో ముందుకు తోశాడు. ఎర్రటి స్పోర్ట్స్ కారు. దాని కడుపుకూ నేలకూ మధ్య జానెడు సందు కూడా లేదు.

"దీంట్లో వంద చిప్‌లుంటాయి. నూటొకటోది మనది. స్కానర్‌కు దొరకదు. బయటికి తీయాలంటే డాష్‌బోర్డంతా విప్పాల. ఒక పూట పడతాది."

"కారును పట్టుకుంటే అయిపోలేదా సార్?"

"కొనేవాడు కావాలప్పా. విక్టర్. బళ్లారిలో కాచుకోనుంటాడు. మన కమాండోలూ ఆడే ఉంటారు. ఈ రోడ్ల మీద ఆ కారు నడిస్తే మొదటి స్పీడ్ బ్రేకర్‌కే కడుపు చిరుగుతాది. అందుకే అద్దె ట్రైలర్ మీద తీసకపోతాండారు. సినిమా షూటింగ్ అని పేరు. డ్రైవర్‌వి నువ్వు."

"లోపల మన మనిషెవరు?"

"గంగాదేవి."

తౌఫిక్ మొహం ముడుచుకుంది. బుక్కరాయసముద్రంలో పుట్టిన గంగాదేవి దుబాయ్ హోటళ్లలో గిగి అనే పేరుతో తిరుగుతుంది. మన రహస్యాలు అమ్ముతున్నట్టు నటించి ముఠా రహస్యాలు మనకు తెస్తోందని చీఫ్ నమ్మకం. సుంకప్ప మాత్రం ఆమెను ఏనాడూ నమ్మలేదు.

"ఆయనను కాపాడలేకపాయెనే సార్, మన మనిషి."

"నోరు మూసుకోని పని చూడు. ఆమె 'వానొస్తాదా' అంటాది. నువ్వు 'ఈ యేడూ అబద్ధమే' అనాల." చీఫ్ చిన్న అత్తరు సీసా చేతిలో పెట్టాడు. మూత నొక్కితే చీఫ్‌కు లైన్ కలుస్తుంది.

లారీ, దాని వెనక ట్రైలర్, రెండూ మాబు సాబ్‌వి. గళ్ల లుంగీ, నూనె మరకల చొక్కా వేసుకుని వచ్చిన ఈ కొత్త డ్రైవర్‌ను ఆయన పైనుంచి కింది దాకా చూశాడు.

"ఇంజన్ ఆపొద్దు. స్టార్టర్ పోయింది. ఆపితే నలుగురు తోయాల. ఇంకోటి. పొట్టి కారంటివి గదా, ఉత్త ర్యాంపు మీద దించొద్దు. నడుమ కడుపు ఆనుకుంటాది. ఈ చెక్కలు వేసి ర్యాంపును పొడుగు చేసుకోవాల." ట్రైలర్ కింద గొలుసుకు వేలాడుతున్న రెండు పొడవాటి చెక్కలను ఆయన కాలితో తట్టి చూపించాడు.

తాడిపత్రి ఫ్యాక్టరీలో చెక్కల అవసరం రాలేదు. బండలు ఎక్కించే గట్టుకు ట్రైలర్‌ను ఆనించగానే కారు గీత పడకుండా పైకి ఎక్కి కూర్చుంది. సుంకప్ప పడిన చోట రాతి పొడి ఇంకా తడిగా ఉంది. తౌఫిక్ అటు చూడకుండా ఉండటానికి ప్రయత్నించాడు.

"వానొస్తాదా?"

పట్టుచీర, నల్లద్దాలు, రాతి పొడిలో దిగబడే హైహీల్స్. వెనక ఎర్రప్ప అనే దున్నపోతులాంటి మనిషి. నడుం దగ్గర చొక్కా పిస్టల్ అంత ఎత్తుగా ఉంది.

"ఈ యేడూ అబద్ధమే" అన్నాడు తౌఫిక్.

"ముఖం అట్ల పెట్టొద్దప్పా. డ్రైవర్ ముఖం పెట్టు" అని గంగాదేవి హ్యాండ్‌బ్యాగ్ తెరిచింది. నాలుగు నిమ్మకాయలు తీసింది. హీల్స్ విప్పి ట్రైలర్ ఎక్కి, కారు నాలుగు టైర్లకూ వెనక వైపున ఒక్కోటి బిగించింది. కళ్లు మూసుకుని చేతులు జోడించింది. పెదవులు కదులుతున్నాయి. అది నటన కాదు. నిజంగా మొక్కుకుంటోంది.

తౌఫిక్‌కు చురుక్కుమంది.

లారీ నేర్పిన మొదటి రోజు సుంకప్ప చెప్పిన మాట. "నువ్వు ఏ దేవునికన్నా మొక్కు. నిమ్మకాయ మాత్రం కదిలే బండికే పెట్టు. నిలబడే బండికి పెడితే దేవుడు నవ్వుతాడు."

ఇక్కడ కదలాల్సింది లారీ. లారీ టైర్ల వంక ఆమె చూడను కూడా లేదు. బళ్లారి దాకా తాళ్లతో కట్టి పడుకోబెట్టాల్సిన కారుకు నిమ్మకాయలెందుకు? అదీ టైర్ల వెనక వైపు? ఈ కారు బళ్లారికి ముందే ఎక్కడో వెనక్కు దొర్లి దిగుతుంది. కమాండోలు బళ్లారిలో ఎండకు మాడుతూ ఉండిపోతారు. దుబాయ్‌లో ఎన్ని విద్యలు నేర్చినా ఈ నేల మీద పుట్టిన మనిషి నిమ్మకాయ లేకుండా బండి కదిలించదు.

జేబులో అత్తరు సీసా మూత నొక్కాడు. ఉలుకూ పలుకూ లేదు. గంగాదేవి బ్యాగ్‌లో చిన్న పచ్చలైటు వెలుగుతోంది. జామర్!

"టైర్లలో గాలి చూసొస్తా" అంటూ ఇనుప రాడ్ తీసుకుని వంగాడు. ఎర్రప్పకు వినబడేలా టైరును ఠంగుమని కొట్టాడు. రెండో చేత్తో చెక్కల గొలుసు కొక్కేన్ని చివరిదాకా వదులు చేశాడు.

గంగాదేవి ఇంకా కళ్లు తెరవలేదు.

క్యాబిన్‌లో ముగ్గురు. పిస్టల్ కొన తౌఫిక్ పక్కటెముకల వైపే ఉంది. బుక్కరాయసముద్రం చెరువు దాటగానే పెద్ద స్పీడ్ బ్రేకర్. దాని మీదికి ఎక్కుతూనే తౌఫిక్ ఎయిర్ హారన్ నొక్కి పట్టాడు. కింద చెక్కలు పడ్డ చప్పుడు హారన్‌లో కలిసిపోయింది.

"ఏమప్పా, చెవులు పగలగొడతావా? రోడ్డు మీద ఎవరుండారని?" అన్నాడు ఎర్రప్ప.

"మేక."

"యాడుండాది మేక?"

"హారన్ కొడితినే. పాయె."

ఉరవకొండ దాటాక గంగాదేవి నల్లద్దాలు తీసింది. "ఎడమకు తిప్పు, తౌఫిక్."

ఆమెకు తెలియకూడని అసలు పేరు! తౌఫిక్ స్టీరింగ్ మీద చేతులు బిగించాడు.

"సుంకప్పను గూడా ఇట్లే పేరు పెట్టి పిలిచినా. తిరిగి చూసినాడు" అంది ఆమె. "తిప్పు."

తిప్పాడు. కణేకల్ దారి. రెండు పక్కలా మొలకెత్తక ముందే మాడిన చెనిక్కాయ చేలు. చివరికి కాలువ. చుక్క నీరు లేదు. సిమెంటు పరచిన అడుగు అద్దంలా మెరుస్తోంది. గుంత లేదు, స్పీడ్ బ్రేకర్ లేదు, చెక్‌పోస్ట్ లేదు. ఈ నేల మీద ఆ కారు పరుగెత్తగలిగిన రోడ్డు ఇదొక్కటే. అవతలి కొసన పాత ఎయిర్‌స్ట్రిప్‌లో కారు పట్టే సరుకు విమానం ఇంజన్ అప్పుడే గురగురమంటోంది.

కాలువలోకి దారి దిగేచోట, గట్టు మీద తెల్లసూటు మనిషి నిలబడి ఉన్నాడు. విక్టర్.

"ఇంజన్ ఆపు" అన్నాడు ఎర్రప్ప.

"ఆపితే స్టార్ట్ కాదు. వెనక్కు నడిచి పోతావా?"

ఎర్రప్ప ఆలోచించి తాళం ముట్టుకోలేదు. కిందికి దిగి తౌఫిక్ చేత కారు కట్లు విప్పించాడు. ర్యాంపు దించాడు. గంగాదేవి ట్రైలర్ కిందికి వంగి చూసింది.

"చెక్కలేవి?"

"పడిపోయినట్టుండాయి" అన్నాడు తౌఫిక్. తరువాత నిజమే చెప్పాడు. "చెక్కల్లేకుండా దించొద్దు. దిగదు. నడుమ కడుపు ఆనుకుంటాది."

ఆమె అతని కళ్లలోకి చూసింది.

"నువ్వు దిగదంటాండావంటే దిగుతాది" అంది. "విక్టర్, గో!"

పక్క కమ్మీలు అడ్డం ఉండి కారు తలుపు తెరుచుకోలేదు. విక్టర్ సూటుతోనే కిటికీలోంచి లోపలికి దూరాడు. ఇంజన్ గర్జించింది. కారు వెనక్కు దొర్లింది. నాలుగు నిమ్మకాయలూ ఫట్‌ఫట్‌మని చితికాయి. వెనక చక్రాలు ర్యాంపు మీదికి దిగాయి.

కర్ర్ర్‌మంది.

ట్రైలర్ అంచు మీద కడుపు ఆనుకుని కారు ఆగిపోయింది. ముందు చక్రాలు పైన. వెనక చక్రాలు గాల్లో గిర్రున తిరుగుతున్నాయి. విక్టర్ ఏ భాషలోనో తిట్టాడు. అవతల విమానం ఇంజన్ చప్పుడు పెరిగింది.

"లాగు ఎర్రప్పా!" గంగాదేవి అరిచింది. ఎర్రప్ప పిస్టల్ నడుముకు దోపి, రెండు చేతులతో కారు వెనక భాగం పట్టి గుంజాడు. కదల్లేదు. "జాకీ యాడుండాది?"

"క్యాబిన్‌లో" అన్నాడు తౌఫిక్.

"నిలబడి చూస్తావేం? తే పో!"

అతను పరుగెత్తాడు. జాకీ ముట్టుకోలేదు. క్లచ్ తొక్కి గేరు వేశాడు. లారీ ఒక్క కుదుపుతో ముందుకు దూకింది. పట్టుకున్న కారు చేతుల్లోంచి జారిపోయి ఎర్రప్ప బోర్లా పడ్డాడు. పడ్డచోటు నుంచే కాల్చాడు. సైడ్ మిర్రర్ ముక్కలైంది. లారీ ఆగలేదు. ర్యాంపు రోడ్డు మీద నిప్పురవ్వలు చిమ్ముతూ ఈడ్చుకొస్తోంది. దాని పైన ఎర్ర కారు, కారులో చెనిక్కాయ, కిటికీలోంచి సగం బయటికొచ్చి వేలాడుతూ విక్టర్.

జామర్ దూరమయ్యాక అత్తరు సీసా కూసింది.

"యాడ సచ్చినావప్పా? బళ్లారికి ఎవరూ రాలేదు!"

"కణేకల్‌లో ఉండా సార్. చెనిక్కాయా, కొనేవాడూ నా వెనకాలే వస్తాండారు."

కమాండోలు వచ్చేసరికి విక్టర్ అరిచి అరిచి గొంతు పోగొట్టుకున్నాడు. విమానాన్ని ఎగరకముందే ఆపారు. ఎర్రప్ప పొలాల్లో దొరికాడు. గంగాదేవి హీల్స్ చేతిలో పట్టుకుని, కాలుతున్న సిమెంటు మీద ఉత్తకాళ్లతో నడుస్తూ దొరికింది. వ్యాన్ ఎక్కబోతూ తౌఫిక్ ముందు ఆగింది.

"చెక్కలు ఎప్పుడు తీసినావు?"

"నువ్వు కండ్లు మూసుకోని మొక్కుకునేటప్పుడు."

ఆమె హీల్స్ వ్యాన్‌లోకి విసిరేసి ఎక్కింది. కమాండోలతో వచ్చిన చీఫ్ నేలచూపులు చూస్తున్నాడు. తౌఫిక్ అప్పటికే లారీ దగ్గరికి నడిచాడు. సుంకప్పను చంపిన చేతులే అంత నిజాయితీగా ఎలా జోడించగలిగింది? ఆ మొక్కు ఎవరు విన్నారు? విని ఏమనుకున్నారు? అడగడానికి సుంకప్ప లేడు.

ఆ ఆలోచనలోనే తాళం తిప్పి ఇంజన్ ఆపేశాడు. ఆపాక గాని మాబు సాబ్ మాట గుర్తుకు రాలేదు.

కమాండోలను అడగడానికి మొహం చెల్లలేదు. రోడ్డు పక్క కొట్లో ఒక నిమ్మకాయ కొన్నాడు. ఈసారి సరైన బండికే, ముందు టైరు కిందే పెట్టాడు. బిస్మిల్లా అని తాళం తిప్పాడు.

స్టార్ట్ కాలేదు. నలుగురు కమాండోలు తోయాల్సి వచ్చింది.