తీశావా? తీశా!

మా అల్లుడిని అందరూ పెంగ్విన్ అంటారు. కంప్యూటర్లో లైనక్స్ అనే సిస్టమ్ తప్ప మరోటి ముట్టనని ఒట్టేసుకున్నాడు, దాని గుర్తు ఆ పక్షే. నడక చూస్తే ఒట్టు లేకపోయినా ఆ పేరే వచ్చేది.

మా కోత మిల్లులో కంప్యూటర్ ఆజ్ఞ ఇస్తేనే రంపం తిరుగుతుంది. ఆజ్ఞ వైరులో వెళ్తుంది. పళ్లలో ఇరుక్కున్న చెక్క తీయాలంటే ముందు వైరు పీకాలి. లోపలివాడు "తీశావా?" అంటాడు. వైరు దగ్గరివాడు "తీశా!" అన్నాకే చెయ్యి పెట్టాలి.

కిందటి వానాకాలం లోపల నత్తోడనే కూలీ ఉన్నాడు. పేరుకు తగ్గట్టే ప్రతి మాటనూ మూడుసార్లు మొదలుపెట్టేవాడు. వైరు దగ్గర మా తమ్ముడు, మిల్లు మేస్త్రీ. ఫోన్లో ఎవరితోనో జోకులేస్తూ, పీకకుండానే "తీశా" అన్నాడు. నత్తోడిని రెండు మూటల్లో ఇంటికి పంపాం. తమ్ముడు నెల తిరక్కుండా మామూలైపోయాడు. మా వంశంలో సిగ్గు నిలవదు.

మొన్న మధ్యాహ్నం మబ్బుకు మిల్లంతా చీకటి. తడి రంపపు పొట్టు వాసన. రంపంలో దుంగ ఇరుక్కుంది. ఆజ్ఞ వెళ్లడానికి అల్లుడు ఈమధ్యే వైఫై కూడా పెట్టాడు.

"అల్లుడూ, వైరు పీకితే ఆగుతుందిగా?" అన్నాడు తమ్ముడు.

"ఆగదు మావయ్యా. పీకగానే దానంతటదే వైఫైకి మారిపోతుంది. అందుకే ముందు వైఫైని చంపేస్తున్నా."

"చంపడం దాకా ఎందుకు నాయనా, ఆపు చాలు," అన్నాను.

అల్లుడు నల్ల తెర మీద ఒక లైను కొట్టాడు. వైఫై: లేదు. పీకాడు. వైరు: లేదు. నేను చూశాను. ఎదురింటికి ఎవరొచ్చారో గోడ ఇవతల నుంచి చెప్పే కళ్లు నావి.

"తీశావా?" దుంగ తీయడానికి రంపం గదిలోకి వెళ్లిన తమ్ముడి అరుపు.

అల్లుడు నోరు తెరిచాడు. అంతలోనే...

"తీ... తీ... తీశా."

మా వైపు నుంచి కాదు. రంపం వెనక నుంచి. తడి గొంతు.

"తమ్ముడూ, వద్దురా!" అని అరిచాను. అప్పటికే అలవాటుకొద్దీ చెయ్యి పెట్టేశాడు.

తెర మీద... వైరు: ఉంది.

వైరు అల్లుడి గుప్పిట్లోనే ఉంది. రంపం కూసింది. గదిలోకి పరుగెత్తాను. ఎముక కోత చప్పుడు చెక్క కోతలా ఉండదు. నెత్తురు నా ముఖం మీదికి చిమ్మింది, వెచ్చగా. మెయిన్ స్విచ్ దించాను. ఆగలేదు. మోచెయ్యి దాకా తిన్నాకే ఆగింది.

తమ్ముడు బతికాడు. తెగిన చెయ్యి మాత్రం పొట్టు మొత్తం జల్లెడ పట్టినా దొరకలేదు.

నిన్న సాయంత్రం అల్లుడు ఇంట్లో తన కంప్యూటర్ని వైఫైకి మార్చబోయి వైరు పీకాడు. ఖాళీ రంధ్రంలోంచి తడి పొట్టు రాలింది. ఎర్రగా. దాని వెనకే, మెల్లగా...

"తీ... తీ... తీశావా?"

అడక్కుండానే ఊరందరికీ జవాబులు చెప్పే నేను నోరు మూసుకున్నాను. అల్లుడూ మూసుకున్నాడు.

లోపలివాడు ఇంకా అడుగుతూనే ఉన్నాడు. పక్క గదిలోంచి, మాటలు ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్న మా మనవరాలు ముద్దుగా అంది.

"తీశా!"