ముందు చక్రం కింద తడి

పొయ్యి మీంచి దించిన టీని దించినట్టే స్టీలు గ్లాసులో పోసి భర్త ముందు పెట్టింది ఆవిడ. ఆయన గ్లాసుని అరచేతినిండా పట్టుకుని, పెరట్లోని షెడ్డు వైపు చూస్తూ ఉండిపోయాడు. పొగలు లేస్తున్నాయి. అరచెయ్యి ఎర్రబడుతోంది. ఆయన మొహంలో మాత్రం చలనం లేదు.

"కింద పెట్టండి," అంటూ ఆవిడే గ్లాసు లాక్కుంది.

"ఏమైందే?"

"చెయ్యి చూసుకోండి."

చూసుకున్నాడు. వెంటనే గుమ్మం వైపు తిరిగాడు, కూతురు వస్తోందేమోనని. అది ఇంకా స్నానాల గదిలోనే ఉంది. "దానికి చెప్పకు. ఇవాళ్టితో అయిపోతుంది కదా," అన్నాడు గొంతు తగ్గించి.

ఇవాళ్టితో అయిపోతుంది. ఆ మాట ఎందుకో ఆవిడ చెవికి మంచిగా తగల్లేదు.

వయసులో ఉన్నప్పుడు ఆయన రేసు కార్లు తయారుచేసే చోట రేకుపని మేస్త్రి. ఆయన చేతుల మీదుగా వంపులు తిరిగిన ఎర్ర కారొకటి ఓ ఏడాది పందేలన్నీ గెలిచింది. ఆఖరికి ఓ మలుపులో గోడకి కొట్టుకుని తుక్కయిపోయింది. నడిపినవాడు బతికాడు గానీ మళ్ళీ తన కాళ్ళ మీద నిలబడలేదు. కారులో మిగిలిందల్లా ఇంజను. ఏళ్ళ తరబడి షెడ్డు మూల పడున్న ఆ ఇంజనుని, బస్సు డిపోలో మెకానిక్కుగా చేరాక కూతురు విప్పి, తుప్పు వదిలించి, మళ్ళీ ఊపిరి పోసింది. "నాన్నా, అచ్చం అలాంటి కారే కట్టేద్దాం," అంది. ఇంజను పని దానిది. రేకులూ, బ్రేకు గొట్టాలూ ఆయనవి. సీటు తల్లిది. సీటు కవర్లు కుట్టే దుకాణంలోనే ఆవిడ సగం జీవితం గడిచింది మరి.

పని సగంలో ఉండగా ఆయన వేళ్ళకి స్పర్శ తగ్గిపోవడం మొదలైంది. చొక్కా గుండీలు పట్టు దొరక్క విసుక్కునేవాడు. కాలి చెప్పు గుమ్మంలోనే ఊడిపోయినా తెలియక వీధి చివరిదాకా వెళ్ళొచ్చేవాడు. షుగరు వల్ల నరాలు దెబ్బతిన్నాయని డాక్టరు తేల్చేశాడు. కూతురికి తెలిస్తే తనని పానా ముట్టుకోనివ్వదని ఆయన బెంగ. భార్య దగ్గర మాట తీసుకున్నాడు. ఆవిడా పోనీలే అనుకుంది. ఆ కారు పక్కనుంటేనే మనిషి మనిషిలా ఉంటున్నాడు.

సీటు అంచున ఓ కుట్టు మిగిలుంటే, సూదీ దారం పట్టుకుని షెడ్డులోకి వెళ్ళింది. ముందు చక్రం కింద మళ్ళీ తడి. నిన్నా తుడిచింది, మొన్నా తుడిచింది. ఇంజను ఆయిలు, కొత్తలో కారుతుందిలే అన్నాడాయన. ఇవాళ వేలితో తీసి వెలుగులో చూసింది. నల్లగా లేదు, నీళ్ళలా తేటగా ఉంది. ఒంగి చూస్తే, చక్రం వెనక కొత్తగా వేసిన ఎర్ర రంగు పాల మీగడలా ముడతలు పడి ఊడొస్తోంది.

అక్కడికి బ్రేకు గొట్టం ఒకటి వస్తోంది. ఆ గొట్టం బిగించింది ఆయన.

ఇంతలో కూతురు హెల్మెట్ చంకలో పెట్టుకుని వచ్చేసింది. తండ్రి షెడ్డు తలుపులు బార్లా తీశాడు. పాత గోదాముల వెనకనున్న ఖాళీ రోడ్డు మీద మొదటి పరుగు. కూతురు సీట్లోకి దిగి మీట నొక్కింది. ఇంజను అరుపుకి రేకు గోడలు దడదడలాడాయి.

ఆవిడ వెళ్ళి కారుకి అడ్డంగా నిలబడింది.

"తప్పుకోవే," అన్నాడు భర్త.

"తప్పుకోను. ఇంజను ఆపమనండి."

"శుభమా అని బయల్దేరుతుంటే ఏంటే ఇది?"

"అమ్మా, ఏమైంది?" కూతురు ఇంజను ఆపేసింది.

ఆవిడ భర్త వైపు చూడలేదు. చూస్తే నోరు పెగలదని తెలుసు. "మీ నాన్న చేతులకి స్పర్శ లేదు. కాలినా తెలియడం లేదు. ఆ చక్రం దగ్గర ఏదో కారుతోంది, రంగుని తినేస్తోంది."

కూతురు దిగి కారు కిందకి దూరింది. బయటికొచ్చి, తడి వేళ్ళు తండ్రి ముందు పెట్టింది. "బ్రేకు ఆయిలు నాన్నా. పానా కూడా అక్కర్లేకపోయింది, నట్టు వేళ్ళతో తిరిగింది."

"బిగించానే," అన్నాడాయన. "గట్టిగానే బిగించాననుకున్నాను."

"మొదటి మలుపు కూడా దాటేదాన్ని కాదు." తల్లి వైపు తిరిగింది. "నీకెప్పట్నుంచి తెలుసు?"

ఆవిడ చేతిలోని సూదిని పైటకొంగుకి గుచ్చుకుంది.

"తెలిసీ సీటు కుట్టావా అమ్మా? నేను కూర్చోడానికేగా?"

భర్త మనసు కష్టపెట్టకూడదనుకుంది. కడుపున పుట్టినదాన్ని ఆ సీట్లో కూర్చోబెట్టబోయింది. చక్రానికి ఆనుకుని నేల మీదే కూలబడింది.

ఆయన అరచేతుల్ని తిప్పి తిప్పి చూసుకుంటున్నాడు, ఎవరివో అన్నట్టు. "ఇవి పోతే నేనింకెందుకు పనికొస్తానమ్మా," అన్నాడు.

"ఇంక నువ్వు పానా పట్టవు. అది ఖాయం," అంది కూతురు కళ్ళు తుడుచుకుంటూ. "నువ్వు బిగించినవన్నీ విప్పి నేను మళ్ళీ బిగిస్తాను. కానీ ఏది ఎక్కడుందో, ఎందుకలా పెట్టావో చెప్పాల్సింది నువ్వే. ఆ పాత ఎర్ర కారుని చూసినవాళ్ళం మేమా? రేపు మాత్రం ముందు ఆస్పత్రి. నేనూ వస్తాను."

పానాలు తీసుకుని మళ్ళీ కిందకి దూరింది. ఆయన నెమ్మదిగా వచ్చి భార్య పక్కన చతికిలబడ్డాడు.

"నువ్వు అడ్డం నిలబడకపోయుంటే..." పెళ్ళయ్యాక ఆయన ఏడవగా చూడడం ఆవిడకి అదే మొదలు.

"అడ్డం నిలబడాల్సింది ఇవాళ కాదండీ," అంది ఆవిడ. "మీరు మాట తీసుకున్న రోజునే నిలబడాల్సింది."

కారు కిందనుంచి కూతురి గొంతు వినిపించింది. "నాన్నా, తర్వాత ఏది విప్పను?"

ఆయన మణికట్టుతో కళ్ళొత్తుకుని, ముందుకి వంగాడు. "నీ ఎడమచేతి పక్కన చిన్న నట్టుంది చూడు. తొందరపడకు."