ఒజ్జగారి గీత

ఏలూరు కాలవగట్టు మీదున్న డిటెక్టివ్ పాండురంగారావు ఆఫీసులోకి సువార్తమ్మ అడుగుపెట్టేసరికి ఆమె చీర కుచ్చిళ్లు మోకాలిదాకా బురద. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

“ఆదివారంనాడు మా ఆయన్ని బడిలోంచీ గుడిలోంచీ తీసేస్తారటండి. ఇల్లు కూడా మిషనుదే. ఎక్కడికి పోతామండీ?”

అది 1936. కొల్లేటి మధ్య కొంగలలంకలో ఆమె భర్త కృపానందం ఇరవైనాలుగేళ్లుగా వారమంతా బడి చెబుతున్నాడు, ఆదివారం ప్రార్థన నడుపుతున్నాడు. ఆయన రాసినట్టుగా మిషను సూపరింటెండెంటు ఇమ్మానుయేలుకు ఉత్తరం చేరింది. ‘నాకు దేవుడి మీద నమ్మకం పోయింది. ఇన్నాళ్లూ అబద్ధమే బోధించాను.’

“నేను రాయలేదని ఆయన చెప్పొచ్చుగా?” అన్నాడు అసిస్టెంటు అబ్బాయిరాజు.

“నోరు విప్పరండి. ఆ ఉత్తరం చూపించిన రోజు నుంచీ గోడకేసి తిరిగి పడుకున్నారు. మా ఒజ్జగారికి ఎవరో ఏదో చేశారని లంకంతా అంటున్నారండి.”

మర్నాడు తాటిదోనెలో లంకకు పోతూ అబ్బాయిరాజు అడిగాడు. “ఒజ్జ అంటే ఏమిటండీ? మా ఊళ్లో పంతులుగారంటాం.”

“సంస్కృతంలో ఉపాధ్యాయుడు. జనం నోళ్లలో నలిగి నలిగి ఒజ్జ అయ్యాడు. అక్షరం దిద్దించేవాడూ ఒజ్జే, పెళ్లి చేయించే పురోహితుడూ ఒజ్జే. రెండు పనులకీ ఒకడే మనిషి ఉన్నచోట మాట చావలేదు.”

ఆహా, ఈయనకు తెలియనిదేమైనా ఉందా అని అబ్బాయిరాజు మురిసిపోయాడు. ఆ మురిపెం ఎక్కువసేపు నిలవలేదు.

కృపానందం మంచం మీద లేచి కూర్చుని దణ్ణం పెట్టాడు. ఏడాదిగా ఆయన కుడిచెయ్యి వణుకుతోంది. మిషను నుంచి అడిగి తెచ్చిన ఉత్తరంలో అక్షరాలు మాత్రం ముత్యాల్లా ఉన్నాయి. ఇమ్మానుయేలు కొత్తగా వచ్చినవాడు, ఇరవైనాలుగేళ్లనాటి దరఖాస్తుతో పోల్చి సరిపోయిందన్నాడు!

ఉత్తరం గీతల కాయితం. పై గీత ఖాళీగా ఉంది. పాండురంగారావు బళ్లోకి వెళ్లి పలకలు చూశాడు. అన్నిటి మీదా పై గీత ఖాళీయే.

“అది ఒజ్జబంతండి,” అంది సువార్తమ్మ. “పై గీత మీద ఆయన రాస్తారు, పిల్లలు కింద చూసి దిద్దుతారు. ఆయన రాయని రోజైనా ఆ గీత ముట్టుకోకూడదు. పెద్దయ్యాక జాబు రాసినా ముట్టుకోరండి.”

“మీ ఆయన?”

“ఆయన మొదలుపెట్టేదే అక్కడ కదండీ.”

బళ్లో అసిస్టెంటు మాస్టరు ఏసుబాబు హాజరు పుస్తకం తెచ్చాడు. ప్రతి పేజీలో పై గీత ఖాళీ. ఏసుబాబు చిన్నప్పుడే తల్లీతండ్రీ పోతే కృపానందం ఇంట్లోనే అన్నం తిని పెరిగినవాడు.

“ఈ ఉత్తరంలో పై గీత ఖాళీగా ఉందేమండీ?” పాండురంగారావు వేలుపెట్టి చూపించాడు.

“నాకేం తెలుసండి?” అన్నాడు ఏసుబాబు. అబ్బాయిరాజుకు ఒళ్లు మండింది. గుట్టంతా ఇలా బయటపెడతారా ఎవరైనా!

ఆదివారం ప్రార్థన అయ్యాక పాండురంగారావు అందరినీ కూర్చోబెట్టాడు. దోనెలు నడిపే ఏడుకొండలుకీ, ఇద్దరు రైతులకీ, ఏసుబాబుకీ తలా ఒక గీతల కాయితం ఇచ్చి పేరూ ఊరూ రాయమన్నాడు. అందరూ ఒజ్జగారి దగ్గర దిద్దినవాళ్లే.

కాయితాలు ఇమ్మానుయేలు ముందు పరిచాడు. “చూడండి. నాలుగూ ఒకే చేతిరాత, ఆ చెయ్యి కృపానందంగారిది. ఆయన చెయ్యి మారిపోయింది, శిష్యుల చెయ్యి మారలేదు. ఉత్తరం రాసింది శిష్యుడు. అందుకే పై గీత వదిలాడు. ఈ ముగ్గురూ ఇప్పుడూ వదిలారు. ఒక్క ఏసుబాబే దాన్ని నింపాడు. ఎందుకు నింపావయ్యా? ఆ గీత మాట నీ ఒక్కడి దగ్గరే ఎత్తాను.”

తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమంటే ఇదే! ఏసుబాబు భోరుమన్నాడు. “పదేళ్లుగా అసిస్టెంటునేనండి. ఆయన దిగరు, నేనెక్కను.”

సువార్తమ్మ ముఖంలోకి ప్రాణం వచ్చింది. అబ్బాయిరాజు కళ్లు తుడుచుకున్నాడు.

ఇమ్మానుయేలు మాత్రం నిట్టూర్చాడు. “అయితే ఇతన్ని తీసెయ్యాలి. కృపానందంగారి చెయ్యి బలపం పట్టలేదు. ఈ నీళ్లలోకి వచ్చే ఇంకో మాస్టరు నాకు దొరకడు. బడికి తాళమేనండి.”

కృపానందం మొదటిసారి నోరు విప్పాడు. “అక్షరాలు చూడగానే వీడేనని తెలుసండి. ఒక గీతల కాయితం ఇలా ఇప్పించండి.”

ఎడమచేత్తో కుడి మణికట్టు పట్టుకుని రాశాడు. ‘ఆ ఉత్తరం నేనే రాశాను. కృపానందం.’ అక్షరాలు వంకరటింకరగా పోయాయి. పై గీత ఖాళీగా వదిలాడు.

“ఇది అబద్ధమని ఈ వంకరే చెబుతోందండీ!” అన్నాడు పాండురంగారావు.

“సంతకం ఉంది. నాకిది చాలండి,” అని ఇమ్మానుయేలు కాయితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. సువార్తమ్మ భర్త చేతిలోంచి కలం తీసి పక్కన పెట్టింది.

సోమవారం పొద్దున్న వాళ్ల మంచం, గిన్నెలు ఏడుకొండలు దోనెలోకి ఎక్కాయి. అదే దోనెలో పాండురంగారావూ అబ్బాయిరాజూ కూర్చున్నారు. బడి గుమ్మంలోంచి ఏసుబాబు కనబడ్డాడు, పిల్లల పలకలు ఒక్కొక్కటే తీసుకుని పై గీత మీద రాస్తున్నాడు. అక్షరాలు అచ్చం ఒజ్జగారివే.