పెరిల్లా ఆకు సాక్ష్యం

"నీ మిషన్ ఈ సీసా," అన్నాడు నిఘా విభాగం చీఫ్ మా. డేజాన్ నగరంలోని ప్రయోగశాలలో, ఆ చిన్న సీసాలో నీళ్లలాంటి ద్రవం ఉంది. "పెప్టైడ్లు, అంటే ప్రోటీన్ ముక్కలు. సరైన ఎంజైము తగిలితే వాటంతటవే వరసకట్టి, కంటికి ఆనని కరెంటు తీగలైపోతాయి. విదేశీ ముఠా కన్నేసింది. లోపలివాళ్లే ఎవరో అమ్ముతున్నారు."

"మాస్కు తియ్యకండి," అంది శాస్త్రవేత్త పింగ్ సోల్. "ఉమ్మి పడిందా, అందులోని ఎంజైములు అడ్డదిడ్డంగా కోసేస్తాయి. మిగిలేది గంజే!"

ఏజెంట్ ప్యో గీహ్యున్ సగమే విన్నాడు. అతని కళ్లు మూడేళ్లుగా తనతో పనిచేస్తున్న ఏజెంట్ ఓక్ హేరిన్ మీదే ఉన్నాయి. ఆమె అంటే ప్రాణం. చెప్పే ధైర్యం మాత్రం లేదు.

మధ్యాహ్నం క్యాంటీన్‌లో ఛా ముగ్యోల్ అనే పెట్టుబడిదారుణ్ణి హేరిన్‌కి పరిచయం చేశారు. అతను నంజుకోవడానికి ఊరబెట్టిన పెరిల్లా ఆకొకటి తియ్యబోతే రెండు అతుక్కుని వచ్చాయి. హేరిన్ అటు చూడనైనా చూడకుండా తన చాప్‌స్టిక్స్‌తో కింది ఆకును నొక్కిపట్టింది. అతను థాంక్స్ కూడా చెప్పలేదు.

గీహ్యున్ ఒళ్లు మండిపోయింది. ఇంకొకరి ఆకు అలా పట్టడమంటే అక్కడ బాగా దగ్గరివాళ్లకే చేసే పని.

"సార్, వాళ్లిద్దరికీ పాత పరిచయం."

"ఎలా తెలుసు?"

"ఆకు పట్టింది సార్!"

చీఫ్ పగలబడి నవ్వాడు. "దీనికి మొగుడూపెళ్లాలు కొట్టుకోవడం చూశా గానీ, దేశద్రోహం కేసు పెట్టడం చూళ్లేదురా! కుళ్లుకోవడం మాని పని చూసుకో."

"కొత్తవాడికి ఆకు ఎవరు పడతారు సార్? మూడేళ్లు పక్కన కూర్చుని తిన్నా, నాకు ఒక్కసారీ పట్టలేదు!"

సాయంత్రం గీహ్యున్ చెవిలోని ఇయర్‌పీస్ అరిచింది. "సీసా మాయం! ఎక్కడున్నావ్?"

"స్టేషన్లో, ముసలివాడి వేషంలో. హేరిన్ వెనకే."

"ఇంకా కుళ్లుకుంటున్నావా?"

"అవును సార్."

"ఆపకు! వస్తున్నాం!"

రైలు కదలబోతోంది. హేరిన్ కాఫీ టంబ్లర్ అడుగు తిప్పి సీసా తీసింది. రైలు మెట్టు మీద నుంచి ఛా చెయ్యి చాచాడు. గీహ్యున్ ఒక్క దూకు దూకి సీసా లాక్కున్నాడు. వెంటనే హేరిన్ పిస్టల్ అతని డొక్కకు ఆనింది.

"ఇచ్చెయ్ గీహ్యున్," అంది హేరిన్. "నువ్వంటే నాకిష్టం. ఇద్దరం వెళ్లిపోదాం."

మూడేళ్లుగా ఎదురుచూసిన మాట. కానీ ఆ మాట అంటూనే ఆమె ఛా వైపు చూసింది.

గీహ్యున్ మూత పీకి, సీసాలో ఉమ్మేశాడు.

ద్రవం తెల్లబడి గంజిలా మారింది. ఛా నోరు తెరిచాడు. అతని వెనక రైలు తలుపులు మూసుకున్నాయి, ముందు చీఫ్ మనుషులు చుట్టుముట్టారు.

"ఒక్క ఆకు చూసి కనిపెట్టావా?" బేడీలు పడుతుంటే అడిగింది హేరిన్.

"కనిపెట్టలేదు. ఏడ్చాను," అన్నాడు గీహ్యున్.

మర్నాడు క్యాంటీన్‌లో అతని ఆకులు అతుక్కుపోయాయి. ఎంత లాగినా రాలేదు. ఎదురుగా కూర్చున్న చీఫ్ తన చాప్‌స్టిక్స్‌తో కింది ఆకును నొక్కిపట్టాడు.

"తినరా. మా ఆవిడకి మాత్రం చెప్పకు."