కొబ్బరి మొవ్వులో దగ్గు

దీవి మధ్యనున్న ఆ కొబ్బరితోటకు మంచిపేరు ఏనాడూ లేదు. తెమాకు అనే ముసలాయన కల్లు గీస్తూ చెట్టు మీంచి పడి చచ్చింది అక్కడే. పోయినవాడు పోయినట్టుండక, రాత్రుళ్ళు మొవ్వులోంచి దగ్గుతున్నాడని ఊరంతా చెప్పుకుంది. నేలమీద దగ్గితే మనిషి. ఆకాశంలోంచి దగ్గితే...? ఆ దగ్గు విన్నవాళ్ళ ఇంట్లో ఎవరో ఒకరు మంచాన పడతారట. నేను విన్నది విన్నట్టు చెబుతున్నాను.

ఆ రాత్రి మరెటాకు వేరే దారి లేదు. ఈ కొసన ఇల్లు, ఆ కొసన క్లినిక్కు, మధ్యలో తోట. చంకలో ఏడాది నిండని కూతురు రూతి. దగ్గు, జ్వరం. సాయంత్రం నుంచి పాలు ముట్టలేదు. ఊపిరి తీసినప్పుడల్లా పక్కటెముకల కింద గుంట పడుతోంది.

"తెల్లారనీవే. నూనె రాశాంగా," అంది అత్త. "బౌరో కూడా ఇంట్లో లేడు."

"మీ అబ్బాయి ఏ రాత్రి ఉన్నాడు గనక, అత్తా! చేపలంటూ పోతాడు, పొద్దున ఉత్తి చేతులతో వస్తాడు."

మరెటా మొగుడు బౌరో కల్లు గీస్తాడు. చెట్టెక్కినవాడు పాడాలి — పైన మనిషున్నాడని కిందివాళ్ళకు తెలియాలి. అందరికన్నా బాగా పాడే బౌరో రెండు నెలలుగా నోరు విప్పలేదు. "పెళ్ళాం నోరు కుట్టేసిందిరా!" అని తోటివాళ్ళు ఏడిపిస్తే నవ్వి ఊరుకునేవాడు. బాగా చిక్కిపోయాడు కూడా. రాత్రి వేట కష్టమనుకుంది మరెటా, పిచ్చిది.

తోటలో గాలి లేదు. ఆకు కదలడం లేదు. సగం దూరం వచ్చేసరికి —

ఖళ్... ఖళ్... ఖళ్...

తల పైన. సరిగ్గా తల పైన.

ఆమె పైప్రాణాలు పైనే పోయాయి. పిల్లను అదుముకుని, తలెత్తకుండా పరుగు తీసింది. భుజం మీద వెచ్చగా ఏదో పడింది... కల్లు చుక్క అనుకుంది. కల్లు వెచ్చగా ఉండదని క్లినిక్కు మెట్లెక్కేదాకా తట్టలేదు.

నర్సు తెరాబు పిల్ల ఊపిరి లెక్కపెట్టి, సూది వేసింది.

"ఇప్పుడే తెచ్చి మంచిపని చేశావు. తెల్లారేదాకా ఆగితే..." సూది పక్కన పెట్టింది. "పొద్దుటి ఓడలో తరావా దీవి పెద్దాసుపత్రికి పంపుదాం. ఇంట్లో ఇంకెవరికైనా దగ్గుందా?"

"ఎవరికీ లేదక్కా."

"రెండు వారాలు దాటిన దగ్గు? చిక్కిపోవడం? రాత్రి చెమటలు?"

"లేదన్నాగా..."

తెరాబు దీపం దగ్గరికి జరిపింది. "మరి నీ భుజం మీద ఆ నెత్తురెవరిది?"

మరెటాకు బావగారు, బౌరో అన్న, గుర్తొచ్చాడు. నెత్తురు కక్కుకున్నాక గాని ఓడెక్కలేదు ఆయన. శవపెట్టెలో తిరిగొచ్చాడు. అప్పటినుంచి ఓడ మాటెత్తితే బౌరో లేచి వెళ్ళిపోయేవాడు.

"మా ఆయనదే... చెట్టు మీద దగ్గుతున్నాడక్కా. ఓడెక్కిస్తారని భయం."

"మీ బావను ఓడ చంపలేదే, ఆలస్యం చంపింది. ఆర్నెల్లు మాత్రలు మింగితే పోయే క్షయ జబ్బు! చెట్టెక్కి దగ్గి వచ్చి, పిల్ల పక్కన పడుకుంటే దాచినట్టా?"

రూతిని తెరాబు చేతుల్లో ఉంచి మరెటా తోటకు తిరిగి నడిచింది. ఈసారి భయం లేదు. ఒళ్ళంతా కోపం, కోపం నిండా ఏడుపు.

ఖళ్... ఖళ్...

"బౌరో. దిగు."

దగ్గు ఆగిపోయింది.

"రూతి క్లినిక్కులో ఉంది. ఊపిరాడట్లేదు దానికి."

మొవ్వులోంచి, పాటంతా పోయిన గొంతుతో —

"నావల్లేనా?"

మరెటా చెట్టుకు చెయ్యి ఆనించి, అతను దిగేదాకా అక్కడే నిలబడింది.